పాత బోర్డులు దించే ఖర్చులో కార్పొరేషన్ వాటా ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

విజయవాడ ఏలూరు రోడ్డులో మాకు చిన్న స్టేషనరీ షాపు ఉంది. మొన్న గాలివానకి మా పక్క షాపు బోర్డు ఇనుప ఫ్రేము ఒకవైపు ఊడి వేలాడింది. ఆ షాపు మూతపడి రెండేళ్లు దాటింది. సరిగ్గా దాని కింద టిఫిన్ బండి దగ్గర నలుగురు నిలబడి తింటున్నారు. ఎవరో చూసి కేక వేయబట్టి అందరూ పక్కకి తప్పుకున్నారు. బిల్డింగ్ ఓనరుకి ఫోన్ చేస్తే "ఆ బోర్డు అద్దెకున్నవాళ్లది, నాది కాదు" అన్నారు. ఖాళీ చేసి వెళ్లినాయన "షాపే లేనప్పుడు బోర్డుతో నాకేం పని?" అన్నారు. చివరికి మేమూ, మెడికల్ షాపు ఆయనా డబ్బులు వేసుకుని వెల్డరుని పిలిచి దింపించాం.

దించుతుంటే తెలిసిన సంగతి రాయాలనే ఈ ఉత్తరం. పైన కనిపించేది ఫ్లెక్సీ బోర్డు. దాని వెనక ట్యూబులైట్ల గ్లోసైన్ డబ్బా. ఆ వెనక రేకు బోర్డు, దాని మీద ఎనామిల్ పెయింటుతో చేత్తో రాసిన తెలుగు అక్షరాలు. ముగ్గురు అద్దెదారులు, మూడు బోర్డులు. పాతది దింపితే కూలీ ఖర్చని ఒకరి బోర్డు మీద ఇంకొకరు బిగించుకుంటూ పోయారు. బరువంతా స్లాబు అంచుకి మొదట కొట్టిన నాలుగు బోల్టుల మీదే. అవి తుప్పు పట్టి చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. డబ్బాలోని వైరు ఇంకా మీటరుకి కలిసే ఉంది!

విజయ టాకీస్ నుంచి చుట్టుగుంట దాకా ఒకసారి తలెత్తి చూస్తూ నడవండి. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది చనిపోయాక పెద్ద హోర్డింగుల గురించి దేశమంతా మాట్లాడుకుంది. షాపు బోర్డు చిన్నది కదా అని మనం పట్టించుకోం. కానీ జనం నిలబడేది దాని కిందే.

మరి షాపువాళ్లు ఎందుకు మార్చుకోరు? నిర్లక్ష్యమే అంటే నేను ఒప్పుకోను. పాతది దింపి, ఏసీపీ అనే అల్యూమినియం షీటు మీద అక్షరాలతో, ఎల్ఈడీ లైట్లతో మామూలు బోర్డు పెట్టించుకోవాలన్నా చిన్న షాపుకి ఒక నెల అద్దె పోతుంది. ఇంకో ఏడాదికి ఇక్కడే ఉంటామో లేదో తెలియని అద్దెదారు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? ఇంతలో కూల్‌డ్రింకు కంపెనీయో, రంగుల కంపెనీయో, సిమ్ కార్డుల కంపెనీయో వచ్చి బోర్డు ఉచితంగా పెడతామంటుంది. సరే అంటాం. కంపెనీ పేరు ముప్పాతిక వంతు, మన షాపు పేరు మూలన చిన్న అక్షరాల్లో. వీధంతా వాళ్ల రంగులే. షాపుల బోర్డు మీద పేరు ముందు తెలుగులో ఉండాలని ప్రభుత్వ నియమం ఎప్పటి నుంచో ఉంది. ఉచితంగా వచ్చే బోర్డుకి ఆ నియమం గుర్తుండదు.

నిషేధాలతో, జరిమానాలతో అయ్యే పని కాదిది. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. మొదట నవంబరు 1 నుంచి అన్నారు, తర్వాత గడువు 2023 జనవరి 26కి మారింది. ఇవాళ మా రోడ్డులో ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం ఎక్కడుందో వెతుక్కోవాలి. కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టం తెచ్చారు. భాష మీద ఆ పట్టుదల నాకు నచ్చింది. కానీ బోర్డు మార్చే ఖర్చు భారం చిన్న కొట్టువాడి మీదే పడింది.

అమెరికాలో చాలా ఊళ్లలో పద్ధతి వేరు. మా మేనల్లుడు అక్కడ ఒక చిన్న ఊళ్లో కిరాణా నడుపుతున్నాడు. పాత బోర్డు తీసేసి కొత్తది పెడితే ఖర్చులో సగం, ఒక పరిమితి దాకా, ఊరి మున్సిపాలిటీయే ఇచ్చిందట. ముందు డిజైను చూపించి అనుమతి తీసుకోవాలి. పని అయ్యాక బిల్లులు, ఫొటోలు ఇస్తేనే డబ్బు చేతికొస్తుంది.

మనకి అంత డబ్బెక్కడిది అంటారేమో. రాయితీ మన కార్పొరేషన్లకి కొత్త కాదు. ఏడాది ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తున్నారు కదా, అందుకే ఏప్రిల్‌లో కట్టడానికి జనం ముందుకొస్తారు. అయితే బోర్డు విషయంలో ఆస్తి పన్నులో రాయితీ ఇస్తే లాభం ఓనరుకి పోతుంది, ఖర్చు అద్దెదారుది. అందుకని రాయితీ, షాపు నడపడానికి కార్పొరేషన్‌కి కట్టే ట్రేడ్ లైసెన్సు ఫీజులో ఇవ్వాలి. లైసెన్సు షాపు నడిపేవాళ్ల పేరు మీదే ఉంటుంది, రెన్యువల్ కూడా వాళ్లే చేయించుకుంటారు. బోర్డు మార్చిన షాపుకి మూడేళ్లు ఆ ఫీజు మాఫీ చేసినా చాలామంది ముందుకొస్తారని తోటి వ్యాపారులతో మాట్లాడాకే రాస్తున్నాను. మరీ చిన్న కొట్లకి మాత్రం ఫీజు మాఫీ సరిపోదు, ఖర్చులో కొంత చేతికివ్వాలి.

షరతులు గట్టిగానే పెట్టండి. వెనక ఉన్న పాత బోర్డులన్నీ దించాలి, కొత్త బోల్టులు వేయాలి, ఎర్తింగ్ ఉండాలి, పేరు ముందు తెలుగులో పెద్దగా ఉండాలి. కంపెనీ ప్రకటన ఉన్న బోర్డుకి పైసా ఇవ్వకూడదు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ పనికి ముందొక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీస్తే లెక్క తేలిపోతుంది. మూతపడిన షాపుల బోర్డులు మాత్రం కార్పొరేషనే దించేయాలి. ఆ ఖర్చు కావాలంటే ఓనరు పన్నులో కలపండి.

అన్ని బోర్డులూ ఒకే రంగులో, ఒకే అక్షరాలతో ఉండాలని మాత్రం పట్టుబట్టవద్దు. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ని బాగుచేసినప్పుడు పాత రేకులు, బోర్డులు తీసేస్తే కట్టడం అందం బయటపడింది. కానీ అది ఒకే కట్టడం, కార్పొరేషన్‌దే. మా రోడ్డులో ప్రతి బిల్డింగుకీ ఒక ఓనరు, ప్రతి షాపుకీ ఒక మొహం. ఒకప్పుడు గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసిన చేతులున్న ఊరు ఇది. చేత్తో రాయించుకునే షాపుకి ఇంకొంచెం ఎక్కువ రాయితీ ఇస్తే, మిగిలిన ఆ కొద్దిమంది పెయింటర్లకి పని దొరుకుతుంది. ఎనామిల్ అక్షరం ఎండకి ఫ్లెక్సీ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. వెల్డరు దించిన ఆ రేకు బోర్డే సాక్ష్యం. తడిగుడ్డతో తుడిస్తే పేరు ఇప్పటికీ చక్కగా చదవగలుగుతున్నాం.

మొదట ఏలూరు రోడ్డులో ఒక కిలోమీటరు తీసుకుని, వచ్చే వానాకాలం లోపు చేసి చూడమని కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా షాపు బోర్డు వెనక కూడా మా నాన్నగారు పెట్టించిన పాతది ఒకటి ఉంది. పథకం వచ్చినా రాకపోయినా దాని బోల్టులు ఈ ఆదివారం మార్పిస్తున్నాను.

— ఒక స్టేషనరీ షాపు యజమాని,
ఏలూరు రోడ్డు, విజయవాడ