అయ్యగారికి, సంఘానికి, షాపు యజమానికి నా వందనాలు

నేను మద్యం మానేసి ఈ నెలకు మూడేళ్లు నిండాయి. నన్ను నిలబెట్టినవారికి అందరి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

లారీ నడుపుకొనే రోజుల్లో తాగుడు ఖర్చుకోసం ఏజెన్సీ కొండ ప్రాంతం నుంచి గంజాయి మూటలు తెస్తూ పట్టుబడ్డాను. మాదకద్రవ్యాలను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష. నా దగ్గర దొరికింది అంతకు తక్కువ కావడంతో నాలుగేళ్లు పడింది. తప్పు పూర్తిగా నాదే.

రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో మందు దొరకలేదు కనుక మానేశాననుకున్నాను గాని, విడుదలైన మూడో రోజే మళ్లీ మొదలుపెట్టి ఐదు నెలలు మునిగిపోయాను. ఇంటికి వెళ్లే ముఖం లేక గోదావరి గట్టున పడి ఉన్న నన్ను, జైలులో ప్రార్థన కూడికకు వచ్చే పాస్టరు అయ్యగారు గుర్తుపట్టి, అన్నిటికన్నా ముందు ఆసుపత్రిలో చేర్పించారు. అంతగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, మతి తప్పి ప్రాణమే పోవచ్చనీ ఆయనకు తెలుసు. వైద్యం లేకుండా ప్రార్థనతోనే మాన్పిస్తామంటూ మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం ఏ సంఘమూ చేయకూడని పని అని, విశ్వాసిగానే చెబుతున్నాను.

ఆ తర్వాత పది నెలలు సంఘంవారి ఆశ్రయంలో ఉన్నాను. తెల్లవారుజామున ప్రార్థన, పగలు పని, శనివారం సాయంత్రం చర్చి హాలులో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్), అంటే తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే మీటింగు. 1935లో అమెరికాలో మొదలైన ఆ సహవాసంలో తాగుడు నుంచి బయటపడేందుకు 12 మెట్లు ఉన్నాయి. ఎనిమిదో మెట్టు దగ్గర, మనం నష్టపరచినవారి పేర్లన్నీ రాసుకోవాలి. నా నోటుబుక్కులో 17 పేర్లు వచ్చాయి. మొదటిది నా భార్యది, రెండోది మా అక్కది.

జైలులో నేర్చుకున్న వడ్రంగం చేతిలో ఉన్నా, నా సంగతి తెలిసినవారెవరూ పనిలో పెట్టుకోలేదు. ఒక ఫర్నిచర్ షాపు యజమాని మాత్రం రమ్మన్నారు. ఈయన వల్ల ఏ నష్టం వచ్చినా నేను కట్టుకుంటానని అయ్యగారు ఆయనకు కాగితం రాసిచ్చారని, ఏడాది తర్వాత యజమానే చెబితే తెలిసింది. బైబిల్లో, చెరసాలలో ఉన్న పౌలు, ఒనేసిము అనే దాసుడి బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో వేయమని అతని యజమాని ఫిలేమోనుకు రాసిన పత్రికను ఆదివారాల్లో ఎన్నోసార్లు విన్నాను. అటువంటి ఉత్తరం నా కోసం ఒకరు రాశారని తెలిసిన రోజు రంపం పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

అయ్యగారూ, ఆ సంతకానికి వందనాలు. నమ్మి పని ఇచ్చిన యజమానిగారికి, నెలల తరబడి నాకు వడ్డించిన సంఘంలోని తల్లులకు, పిల్లలతో తిరిగి వచ్చిన నా భార్యకు కృతజ్ఞతలు. తాకట్టులో ఉన్న ఆమె గొలుసు సంక్రాంతికి విడిపించాను. అక్క చీటీ డబ్బుల్లో ఇంకా 38,000 రూపాయలు బాకీ ఉన్నాను. ప్రతి నెలా ఐదో తేదీన పంపుతున్నాను.