తీరానికి వెళ్లే కబురు, తీరం నుంచి రావలసిన కబురు

సంపాదకులకు నమస్కారం.

జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె రోజున ముషీరాబాదు, బేగంబజారు చేపల మార్కెట్లు తెల్లవారకముందే నిండిపోవడం ఏటా చూస్తున్నదే. ఆ రోజు అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం చెరువుల్లో పెరిగిన బొచ్చె, రవ్వు, కొర్రమీను వంటివే అయినా, వంజరం, చందువ, కానాగంత, సముద్రపు రొయ్యలు అడిగేవారు కూడా తక్కువేమీ కాదు. అయితే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు నిషేధం. అంటే మనం చేపలు అత్యధికంగా కొనే రోజునే రెండు తీరాల్లోనూ మరబోట్లు కట్టేసి ఉంటాయి. ఈ సంగతి తెలియక అడిగే కొనుగోలుదారులను నేను తప్పుపట్టడం లేదు. సముద్రం గురించి దేశానికే సమాచారం అందించే సంస్థలు ఉన్న నగరంలో సముద్రం మీద బతికేవారి సంగతులు ఇంత తక్కువగా చర్చకు రావడం నన్ను బాధిస్తోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదులోనే, నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం పనిచేస్తోంది. 1999లో ఏర్పడిన ఈ సంస్థను అందరూ ఇన్‌కాయిస్ అని పిలుస్తారు. 2004 సునామీ తరువాత దేశానికి కావలసివచ్చిన సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో ఇక్కడే మొదలైంది. ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీద రాజేంద్రనగర్ వైపు వెళ్లేవారందరికీ చేప ఆకారంలో కనిపించే భవనం 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డుది. బంగాళాఖాతంలో రేపు అల ఎంత ఎత్తున లేస్తుందో, ఏ నీళ్లలో చేప గుమిగూడే అవకాశం ఉందో లెక్కగట్టేది ఈ నగరంలోనే.

ఆ లెక్క ఎలా కడతారో కొంచెం వివరంగా చెప్పాలి. ఉపగ్రహాలు సముద్రపు పైనీటి ఉష్ణోగ్రతను, నీటి రంగును కొలుస్తాయి. కంటికి కనపడని వృక్షప్లవకాలలోని పత్రహరితం ఎంత ఉందో నీటి రంగును బట్టి తెలుస్తుంది. చల్లని నీళ్లు, వెచ్చని నీళ్లు కలిసే హద్దుల వద్ద, లోతుల నుంచి పోషకాలు పైకి వచ్చే చోట్ల ఈ ప్లవకాలు దట్టంగా పెరుగుతాయి. వాటిని తినడానికి చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్దవి చేరతాయి. అటువంటి చోట్లను గుర్తించి, ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎన్ని కిలోమీటర్లు వెళ్లాలో, అక్కడ లోతు ఎంతో తెలిపే సూచనను తెలుగుతో సహా తీర భాషలన్నిటిలో ఇన్‌కాయిస్ పంపుతుంది. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీరు సరిగా కనపడదు కనుక ఆ రోజుల్లో సూచన ఆగిపోతుంది. ఇది కానాగంతలు, కవళ్లు, సూరచేపల వంటి పైనీటి చేపల వేటకు బాగా ఉపయోగపడుతుంది. అడుగున తిరిగే రొయ్యకు, పీతకు అంతగా పనికిరాదు. గాలించే సమయం తగ్గితే డీజిలు మిగులుతుంది. ట్రిప్పు ఖర్చులో డీజిలు, ఐసు ఎంత బరువో బోటు నడిపే ప్రతి సరంగుకూ తెలుసు. అలల ఎత్తు, గాలివేగం గురించిన హెచ్చరికల వల్ల ప్రాణాలు దక్కుతున్నాయి. ఇది మామూలు మేలు కాదు, ఆ శాస్త్రజ్ఞుల మీద నాకున్న గౌరవంలో కూడా లోపం లేదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. చేప ఎక్కడ ఉందో ఇంత శ్రద్ధగా చెబుతున్న మనం, అక్కడ ఎంత ఉంది, ఎంత పట్టవచ్చు, ఎంత వదిలిపెట్టాలి అన్నది అంతే శ్రద్ధగా, అదే ఫోనులో, అదే భాషలో ఎందుకు చెప్పడం లేదు? చేపల నిల్వల అంచనా మరొక సంస్థ పని. 1947లో పుట్టి, కొంతకాలం తమిళనాడులోని మండపంలో ఉండి, తరువాత కొచ్చికి మారిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఆ పనిని దశాబ్దాలుగా చేస్తోంది. విశాఖపట్నంలో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒకరు చేప దగ్గరికి దారి చూపుతారు, మరొకరు నిల్వ ఎంతో లెక్కిస్తారు. ఈ రెండు మాటలూ ఒకే సందేశంగా కలిసి జాలరి చేతికి అందడం లేదు. ఉదయం అందిన సూచన వల్ల ఒక గుంపు మీద ఎన్నో బోట్లు వాలితే, ఆ గుంపులో ఇంకా గుడ్డు పెట్టని పిల్లచేపలే ఎక్కువ ఉంటే, ఆ సూచన ఎవరికి మేలు చేసినట్టు?

విశాఖ తీరంలో రింగు వలల గొడవను ఈ కోణంలో చూడవలసి ఉంది. రింగువల చేపల గుంపును చుట్టుముట్టి, కిందితాడును రింగుల్లోంచి లాగి అడుగు మూసేస్తుంది. గుంపు మొత్తం ఒక్క పట్టుకే దొరుకుతుంది. 2022 జనవరిలో పెదజాలరిపేట దగ్గర ఈ వలలున్నవారికి, సంప్రదాయ వలలవారికి మధ్య ఘర్షణ ముదిరి పడవలు తగలబడ్డాయి. రెండు పక్కలవారూ జాలరులే, చుట్టరికాలున్నవారే. తీరానికి ఎంత దూరంలో వేయాలి, వల కన్ను ఎంత ఉండాలి అన్న మాటలు అధికారుల మధ్యవర్తిత్వాలలో నలిగాయి. పైనీటి చేపల గుంపు ఎక్కడుందో చెప్పే సూచన అందరికీ ఒకేసారి అందుతుంది గానీ, దానివల్ల ఎక్కువ లాభపడేది పెద్ద ఇంజను, పెద్ద వల ఉన్నవారే. ఔట్‌బోర్డు ఇంజనుతో నడిచే ఫైబరు తెప్ప మీద నలుగురు మనుషులు అరవై కిలోమీటర్లు వెళ్లి రావాలంటే ఎంత కష్టం! సమాచారాన్ని అందరికీ సమానంగా పంచినా, దాన్ని వాడుకునే శక్తి అందరికీ సమానంగా లేదు. ఈ తేడాను కొలిచే పరిశోధన కూడా సముద్ర పరిశోధనలో భాగం కావాలని నా అభిప్రాయం.

వేట నిషేధం సంగతికి మళ్లీ వస్తాను. తూర్పు తీరంలో ఇదివరకు 47 రోజులుగా ఉన్న ఈ నిషేధాన్ని 2015లో 61 రోజులు చేశారు. చేప గుడ్డు పెట్టే కాలంలో సముద్రానికి విశ్రాంతి కావాలన్నది దీనికి చెప్పే కారణం. ఉష్ణమండల సముద్రాల్లో చాలా జాతులు ఏడాదిలో ఒక్కసారి కాక, పలుమార్లు, ఎక్కువ నెలలపాటు గుడ్లు పెడతాయి. అందువల్ల ఏ రెండు నెలలు ఎంచుకున్నా అన్ని జాతులకూ సరిపోదు. అడుగును గీకుతూ పోయే ట్రాలు వలలు రెండు నెలలు ఆగడమే పెద్ద మేలన్నది నిజం. అయితే తీరంలో పుట్టి పెరిగిన జాలరి, ఫలానా చేప కడుపునిండా గుడ్లతో ఫలానా నెలలో దొరుకుతోందని చెబితే, అది నిషేధానికి ఎదురు మాటగా కాక, పరిశోధనకు పనికివచ్చే పరిశీలనగా నమోదు కావాలి. తీరం పొడవునా రేవు రేవుకూ తేడాలుంటాయి. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల నీటి ఉప్పదనం వేరు, శ్రీకాకుళం తీరంలో వేరు.

ఉపగ్రహాలు రాక ముందు నుంచీ జాలరులు వేట స్థలాలను గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటుంది. ఒడ్డున కనిపించే కొండ కొసను, గుడి గోపురాన్ని లేదా లైట్‌హౌసును మరో కొండతో కలిపి ఒక గీతగా చూస్తారు. ఇంకో దిక్కున మరో రెండు గుర్తులను అలాగే కలుపుతారు. ఆ రెండు గీతలు కలిసే చోటే అడుగున రాళ్లున్న చోటు లేదా బురద నేల. తాత నుంచి మనవడికి నోటిమాటగా వచ్చిన ఈ పటాలు చాలావరకు అచ్చు కాలేదు. జి.పి.ఎస్. వచ్చాక యువకులకు వీటి అవసరం తగ్గింది. పాతతరం వెళ్లిపోకముందే ఈ జ్ఞానాన్ని, చెప్పినవారికి తగిన గుర్తింపుతో సేకరించే పని విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర, సముద్రశాస్త్ర విభాగాలు చేపట్టాలి. జంతుశాస్త్రం చెప్పిన అధ్యాపకురాలిగా, నమూనా చేపలను ఫార్మలిన్‌లో దాచినంత జాగ్రత్తగా ఈ మాటలను కూడా దాచాలని కోరుతున్నాను.

లెక్కల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన దేశపు సముద్ర మత్స్య దిగుబడి 2023లో 35.3 లక్షల టన్నులు, 2024లో 34.7 లక్షల టన్నులు అని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ అంచనా వేసింది. రేవుల్లో శిక్షణ పొందిన లెక్కదారులు, ఎంచుకున్న రోజుల్లో, ఎంచుకున్న బోట్ల సరుకును జాతుల వారీగా చూసి కట్టిన అంచనా ఇది. ఇంత పొడవైన తీరానికి ఇది మంచి పద్ధతే. కానీ ఒడ్డుకు రానిది ఈ లెక్కలోకి రాదు. పనికిరాదని నడిసముద్రంలోనే పారబోసిన పిల్లచేప, వలలో చచ్చిన తాబేలు, చిక్కిన పాములు, తెగి అడుగున ఉండిపోయిన వల ముక్క, వీటి సంగతి బోట్లలో పనిచేసే కలాసీలకే తెలుసు. వారు రోజూ ఒక చిన్న పుస్తకంలోనో ఫోనులోనో రాసి ఇస్తే, ఆ శ్రమకు వేతనం ఇస్తే, ఏ ఉపగ్రహమూ చూపలేని చిత్రం దొరుకుతుంది. ప్రతిఫలం లేకుండా సమాచారం అడగడం, తరువాత ఆ సమాచారంతోనే కొత్త నిబంధన పెట్టడం సరైన పద్ధతి కాదు.

తాబేళ్ల విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదలు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లోనే ఎన్నో చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాలు వలలో తాబేలు బయటపడే దారి ఉండే పరికరం అమర్చనందుకు 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. చెరువు రొయ్యలకు ఆ ఆంక్ష లేదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన పరికరాన్ని రూపొందించింది కూడా. అయినా బోటు యజమానులకు భయం ఉంది: తాబేలుతో పాటు రొయ్యా పోతుందేమోనని. ఆ భయం ఉపన్యాసాలతో పోదు. కాకినాడ, విశాఖ హార్బర్లలో కొన్ని బోట్లకు పరికరం బిగించి, పక్కనే పరికరం లేని బోట్లతో కలిపి వేట చేయించి, రెండు పట్లనూ అందరి ఎదుటా తూచి చూపితే పోతుంది. నష్టం ఉంటే ఎంత ఉందో తెలుస్తుంది, దాన్ని ఎవరు భరించాలో అప్పుడు మాట్లాడవచ్చు.

నిషేధ కాలపు భృతి ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 20,000 రూపాయలైంది. అంతకుముందు 10,000 రూపాయలుండేది. సంతోషం. అయితే అది వేటకు వెళ్లేవారిని చూసి ఇచ్చేది. రేవులో వేలంపాటలో చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే స్త్రీలకు, ఇసుక మీద నెత్తళ్లు ఎండబెట్టి అమ్మే వృద్ధురాళ్లకు కూడా ఆ రెండు నెలలూ సరుకు ఉండదు. సముద్రం మీదికి వెళ్లనంత మాత్రాన వారు ఈ వృత్తికి బయటివారు కారు. ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి పరాయి బోట్లలో కూలికి చేరేవారి సంగతి అందరికీ తెలిసిందే. 2018లో అలా వెళ్లి, పాకిస్తాన్ అదుపులోకి తీసుకున్నవారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇంటికి చేరారు. సొంత తీరంలో సరైన హార్బరు, తగిన ఆదాయం ఉంటే అంత దూరం ఎవరు వెళతారు? ఏ సూచనా వీరి ఫోనులో వీరి ఊరి నీళ్ల గురించి మోగదు, ఎందుకంటే వీరు ఆ నీళ్ల మీద లేరు.

కాబట్టి నేను కోరేవి ఇవి. ఇన్‌కాయిస్, మత్స్య పరిశోధనా సంస్థ కలిసి, వేట సూచనతో పాటే ఆ వారం ఏ జాతి పిల్లలు ఎక్కువగా దొరుకుతున్నాయో, వేటిని వదలాలో ఒక్క వాక్యం చేర్చాలి. నిషేధం మొదలయ్యే ముందు, ముగిశాక రేవుల్లో సభలు పెట్టి, కిందటి ఏడాది దిగుబడి లెక్కను జాలరుల మాటల్లో, జాలరులు పిలిచే చేపల పేర్లతో చదివి వినిపించాలి. అక్కడ వారు చెప్పినది రాసుకుని, దానికి ఏం చేశారో మరుసటి సభలో జవాబివ్వాలి. మత్స్య అభివృద్ధి బోర్డు ఈ నగరంలోనే ఉంది కనుక, నగరపు చేపల మార్కెట్లలో ప్రతి సముద్రపు చేప ఏ తీరం నుంచి వచ్చిందో, ఏ పరిమాణం కన్నా చిన్నది కొనరాదో తెలిపే పలకలు పెట్టించాలి. కొనేవారు అరచేతిలో పట్టే వంజరాన్ని వద్దంటే, దాన్ని పట్టే వల కన్ను కూడా మారుతుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా సంచికల్లో ధాన్యం ధరలు, రిజర్వాయర్ల నీటిమట్టాలు రోజూ వేస్తారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న తీర జిల్లాల సంచికల్లో అదే తీరున మరునాటి అలల ఎత్తు, గాలివేగం, విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో కిందటి రోజు చేప ధరలు వేయండి. ఇంట్లోవారు చదివి వేటకు వెళ్లేవారికి చెబుతారు, గంపలవారు బేరంలో మోసపోకుండా ఉంటారు. సమాచారం ఇవ్వవలసిన కార్యాలయం మీ హైదరాబాదు ఆఫీసుకు గంట ప్రయాణం దూరంలోనే ఉంది.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
నిజాంపేట, హైదరాబాదు.