వార్షిక నివేదిక 2025–26: మన కానుగ చెట్టు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందుగా కానుగ చెట్టు సంగతే రాస్తున్నాను. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏరులై పారాయి. నీరు తీశాక, కోవిడ్‌లో మనం పోగొట్టుకున్నవారి గుర్తుగా కాలనీ పార్కులో నాటిన మొక్క ఇది. ఏటా సంస్మరణ రోజున ఒక దండ వేసి వచ్చేవాళ్లం. అది చాలదనిపించింది. అందుకే రుతువు మారినప్పుడల్లా వెళ్లాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం.

ఏప్రిల్ చివర వెళ్లేసరికి చెట్టు తొలిసారి పూసి ఉంది. కింద నేలంతా బొరుగులు చల్లినట్టుంది. ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని చూస్తే చిక్కుడు పువ్వు పోలిక, తెలుపులో సన్నని ఊదా చాయ. భర్తను పోగొట్టుకున్న మన సభ్యురాలు ఒకరు చెప్పులు దూరంగా విడిచి, రాలిన పూల పక్కనే చాలాసేపు కూర్చున్నారు. తెచ్చిన దండ వేయాలని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు.

మేలో, గంగమ్మ జాతర రోజుల్లో, ఇంటికో బిందె చొప్పున నీళ్లు పోశాం. జులైలో మాత్రం ప్రాణం ఉసూరుమంది. కరెంటు తీగకు తగులుతోందని ఎవరో తూర్పు కొమ్మను నరికేశారు, తొక్క చీలి వేలాడుతోంది. చీలికను నున్నగా కోసి, పేడా ఎర్రమట్టీ కలిపి మెత్తాం. ఒక్కమాట ముందుగా చెప్పి ఉంటే కొమ్మను తాడుతో పక్కకు లాగి కట్టేవాళ్లం. ఆ బాధ ఇంకా పోలేదు.

కార్తీకంలో వానలు పట్టాయి. కపిలతీర్థంలో జలపాతం దూకుతున్న రోజుల్లో గొడుగులు పట్టుకుని వెళ్లాం. కాయలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి. చిన్నప్పుడు తమ ఊళ్లో కానుగ నూనెతోనే దీపాలు వెలిగించేవారని ఒక పెద్దాయన చెబుతుంటే పిల్లలు తడుస్తూనే విన్నారు.

రక్తదాన శిబిరం, వీధి దీపాల మరమ్మతు అనుకున్నట్టే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం.

మాఘంలో ఆకు రాలింది. ఉగాదికి లేత చిగురు మెరిసిపోతోంది, నరికిన చోట కూడా రెండు రెమ్మలు వచ్చాయి. ఎండిన కాయలు ఏరి కార్యాలయం బీరువాలో ఉంచాం. ఒక్కో కాయలో సాధారణంగా ఒక్కటే గింజ. తమవారి పేరున ఇంటి ముందు మొక్క పెంచుకోదలచినవారు వానలకు ముందే కార్యదర్శికి తెలియజేయగలరు.