చేతి కొలతలు ఆపరేషన్‌కు ముందే రాసి ఉంచాలి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులను (చేతిలోంచి వచ్చే లింఫు అనే ద్రవాన్ని వడగట్టేవి) చాలావరకు తీసేసినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది. ఒకటి రెండు గ్రంథులే తీసి పరీక్షించినవారిలో ఇది 100 మందికి ఐదారుగురే. రేడియేషన్ తోడైనా, ఒళ్లు పెరిగినా ముప్పు ఎక్కువ. ఎక్కువమందికి మొదటి రెండు మూడేళ్లలోనే మొదలవుతుంది.

చిత్తూరు పల్లెల్లో ఈ చెయ్యి చూడగానే బోద అనుకుంటారు. బోదకాలుకు మింగే డీఈసీ మాత్రలు దీనికి పనిచేయవు. నీరు తీసే మాత్రలూ అంతే. చేతిలో నిలిచేది వట్టి నీరు కాదు, ప్రోటీన్లు కలిసిన ద్రవం. మాత్ర నీటిని లాగినా ప్రోటీను అక్కడే ఉండి మళ్లీ నీటిని పట్టేస్తుంది.

వాపు కంటికి కనబడేదాకా ఆగితే సగం అవకాశం చేజారినట్టే. దర్జీ టేపు చాలు. రెండు చేతులకూ వేళ్ల కణుపుల మీద, మణికట్టు దగ్గర, అక్కణ్ణుంచి పైకి 10, 20, 30 సెంటీమీటర్ల దగ్గర చుట్టుకొలత తీయాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. ఇది ఆపరేషన్‌కు ముందే జరగాలి. పాలు పిండే, కొడవలి పట్టే చెయ్యి ముందునుంచే కాస్త లావుగా ఉంటుంది. పాత అంకె లేకపోతే ఆ లావు ఏదో, వాపు ఏదో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఏడాదిపాటు మూణ్ణెల్లకోసారి, ఆపైన ఆర్నెల్లకోసారి చూడాలి. ఎక్కడైనా రెండు చేతుల మధ్య తేడా మొదటి కొలత కంటే 2 సెంటీమీటర్లు పెరిగితే వెంటనే డాక్టరుకు చూపించాలి.

టేపు కంటే ముందు గాజులే చెబుతాయి. నిన్నటిదాకా సులువుగా జారిన గాజు కణుపుల దగ్గర ఆగిపోతుంది. సాయంత్రానికి రవిక చేతి కుట్టు గీత చర్మం మీద అచ్చుపడి ఉంటుంది. ఈ దశలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల (పాదరసం) పీడనమున్న స్లీవును, అంటే చేతిని బిగువుగా పట్టి ఉంచే సాగే తొడుగును, పగలు తొడుక్కుని, రాత్రి తీసేస్తే నాలుగైదు వారాల్లోనే చాలామందికి తగ్గుతుంది. ఆలస్యమైతే లోపల కొవ్వు, పీచు పేరుకుని చెయ్యి గట్టిపడుతుంది. అప్పుడు పొరలు పొరలుగా కట్లు, మృదువైన మర్దన నెలల తరబడి కావాలి. స్లీవు ఆర్నెల్లకు వదులవుతుంది, మార్చాలి. మన ఎండలకు చెమట పడుతుంది కాబట్టి రెండుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు.

మెడికల్ షాపులో క్రేపు బ్యాండేజీ కొని మోచేతి పైన బిగించి కట్టడం అన్నిటికన్నా చెడు చేస్తుంది. ద్రవం కిందికి చేరి అరచెయ్యి ఉబ్బుతుంది. కట్టు ఏదైనా వేళ్ల దగ్గర బిగువు, పైకి పోయేకొద్దీ వదులు ఉండాలి. గట్టిగా నూనె మాలిష్ చేయించకండి. ‘ఆ చేత్తో చెంబు కూడా ఎత్తొద్దు’ అనే ఇంటి సలహా కూడా తప్పే. కండరాలు కదిలితేనే లింఫు పైకి నడుస్తుంది. బరువు మెల్లమెల్లగా పెంచుకుంటే ప్రమాదం లేదు.

గడ్డి కోసేటప్పుడు ముల్లు గీరినా సబ్బుతో కడగాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, యాంటీబయోటిక్ కావాలి. అప్పుడు స్లీవు, మర్దన ఆపేయాలి. ఉన్నట్టుండి నొప్పితో వాస్తే రక్తం గడ్డకట్టడమో, క్యాన్సర్ తిరగబెట్టడమో కాదని తేల్చుకోవాలి.

తిరుపతి, చిత్తూరుల్లో ఈ ఆపరేషన్లు చేసే ప్రతి ఆస్పత్రినీ ఒక్కటే కోరుతున్నాం. రెండు చేతులకూ కలిపి ఈ పది అంకెలూ కత్తి పెట్టకముందే కొలిచి, డిశ్చార్జి కాగితం మీద రాసివ్వండి.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, తిరుపతి