ముగింపు తెలిసినా వదలని నవల

సంపాదకుడికి,

రాజకీయ థ్రిల్లర్లంటే వట్టి కాలక్షేపమని తీసిపారేసేవాళ్లు ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1971 నాటి నవల ‘ది డే ఆఫ్ ది జాకాల్’ చదవాలి. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడు బయల్దేరతాడు. డిగాల్ 1970లో తన ఇంట్లోనే సహజంగా పోయారని తెలిసినా టెన్షన్ తగ్గదు! పసితనంలోనే చనిపోయిన ఒక పిల్లాడి పేరు సమాధి రాయి మీద చూసి, ఆ పేరున జనన ధ్రువపత్రం తీసి, హంతకుడు పాస్‌పోర్టు సంపాదించే పేజీలున్నాయి చూడండి. తుపాకీ పేలదు, ఎవరూ పరిగెత్తరు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఆ ఉత్కంఠ ఇంకాస్త బాగా అర్థమవుతుంది. రచయిత పారిస్‌లో విలేకరిగా పనిచేసినవాడు, ఆ పట్టు ప్రతి వివరంలో కనిపిస్తుంది. మూడోసారి చదివినప్పుడు కూడా పుస్తకం మూసేసరికి రాత్రి రెండయింది.

— ఒక పాఠకుడు, విజయనగరం