విషయం: మీ కుక్కల డైపర్ ప్యాకెట్ మీద ఆ ‘12 గంటలు’ ముందు తీసేయండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండీ. ఇది నేను మీకు పెడుతున్న నాలుగో మెయిల్. మొదటి మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది, కామా కూడా మారలేదు: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఇది పరిశుభ్రతకి సంబంధించిన వస్తువు కాబట్టి తెరిచిన ప్యాకెట్ వాపసు తీసుకోం." వాపసు గురించి నేను అడిగింది ఒక్క లైను. మిగతాదంతా వేరే సంగతి, అది మీలో ఎవరూ చదవలేదని అర్థమైంది కాబట్టి ఈసారి తెలుగులో, మొదట్నుంచీ, తీరిగ్గా రాస్తున్నాను. మీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది కదా, చదివేవాళ్లు ఒక్కరైనా ఉండకపోరు.

మాది తార్నాక. మా కుక్క పేరు చుక్క, నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది. 2013లో ఉస్మానియా క్యాంపస్ గోడ పక్కన వానలో వణుకుతూ దొరికింది, వీధి కుక్కే. మరుసటి ఏడాది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పోయిన దసరా తర్వాత అది పడుకుని లేచిన చోట తడి కనిపించడం మొదలైంది. కొన్నాళ్లు మా అమ్మ ఏసీ నీళ్లు కారుతున్నాయనే అనుకుంది, మెకానిక్‌ని కూడా పిలిపించింది. ఆ తర్వాత ఒకరోజు నేనే చూశాను, మంచి నిద్రలో ఉంది, కాలు కూడా కదల్లేదు, కింద మాత్రం బొంత తడుస్తోంది. లేచి వాసన చూసుకుని, చెవులు వాల్చేసి, మా మొహం చూడకుండా బాల్కనీలోకి వెళ్లిపోయింది. పన్నెండేళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా పోయని కుక్క అది. ఆ రోజు దాన్ని ఎవరూ ఏమీ అనలేదు, అయినా సాయంత్రం దాకా లోపలికి రాలేదు.

డాక్టర్ ముందు మూత్రం, రక్తం పరీక్ష చేయించారు, ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ లాంటివి ఏమైనా ఉన్నాయేమో అని. అవేమీ లేవు. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గిపోవడం వల్ల మూత్రాన్ని బిగించి పట్టే కండరం వదులవుతుందట, కొన్నిటికి వయసు మీద పడ్డాక బయటపడుతుందట. మెలకువగా ఉన్నప్పుడు బాగానే ఆపుకుంటాయి, నిద్రలో ఒళ్లు వదిలేసినప్పుడు కారిపోతుంది. మాత్రలు మొదలుపెట్టారు, చాలా వరకు తగ్గింది కానీ రాత్రిళ్లు మాత్రం తడి తప్పడం లేదు. అందుకని డైపర్, అందుకని మీ సైటు.

సైజు సంగతి ముందు చెప్పేస్తాను. మీ చార్టు మొత్తం బరువు మీద ఉంది, 15 నుంచి 20 కిలోలకి మీడియం అని. చుక్క 18 కిలోలు. కానీ మన దేశీ కుక్కల ఒళ్లు మీరు ఎప్పుడైనా చూశారా అండీ, ఛాతీ లోతుగా, నడుము దగ్గరికి వచ్చేసరికి పిడికెడు. అదే 18 కిలోల బొద్దు కుక్కకి సరిపోయిన డైపర్ దీనికి రెండు అడుగులు వేసేలోపు జారి కాళ్లకి అడ్డం పడింది. తోక కోసం పెట్టిన బొక్క కూడా కిందికి ఉంది, చుక్క తోకేమో పైకి చుట్ట చుట్టుకుని ఉంటుంది, లాగి దూర్చాల్సి వచ్చింది. చివరికి మా అమ్మ పాత లంగా బొందు తెచ్చి, డైపర్ రెండు పక్కలా కుట్టి, వీపు మీద నుంచి భుజాల మీదుగా తిప్పి ముడేసింది. అలా నిలబడింది. ఇంతకీ బరువు కాదు, వెనక కాళ్ల ముందు నడుము చుట్టుకొలత టేపుతో కొలవాలి, ఆ ఒక్క వాక్యం చార్టులో రాస్తే సరిపోయేది. నేను ఇది చెప్పినందుకు మీవాళ్లు ఉచితంగా ఏదో పంపారు, విప్పి చూస్తే మగ కుక్కలకి పొట్ట చుట్టూ చుట్టే పట్టీ! ఆడకుక్కకి అది ఎక్కడ కట్టాలో మీరే చెప్పండి.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే. అసలు విషయం ప్యాకెట్ ముందు భాగంలో ఎర్ర అక్షరాల్లో ఉన్న ఆ మాట: "12 గంటల వరకు పొడిగా, నిశ్చింతగా." నేను దాన్ని నమ్మాను. జులై 3న రాత్రి పదింటికి కట్టి, పొద్దున ఆరింటికి తీశాను, అంటే మీరు చెప్పిన దానికంటే నాలుగు గంటలు తక్కువే. బయటికి ఒక్క చుక్క కారలేదు, అది మాత్రం నిజం, ఆ మాట కూడా రాయాలి. లోపల విప్పితే పొర చిరిగి, నానబెట్టిన సగ్గుబియ్యంలా జిగురు జిగురుగా ముద్దలు, దాని తొడల లోపల వెంట్రుకలకి అంటుకుని ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్లతో కడుగుతుంటే కింద చర్మం కమిలి ఎర్రగా బయటపడింది. ఒకచోట పైపొర లేచిపోయింది. గుడ్డ తగలగానే కుయ్యిమంది, ఇంజెక్షన్‌కి కూడా అరవని కుక్క.

డాక్టర్ అక్కడ వెంట్రుకలు తీసేసి మందు రాసి చెప్పింది ఇది. డైపర్ లోపల తడిస్తే జెల్‌లా మారే పొడి తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి నేల మీద కారదు, సోఫా పాడవదు. కానీ నేల పొడిగా ఉండటం వేరు, చర్మం పొడిగా ఉండటం వేరు. గాలి తగలకుండా మూత్రంతో గంటల తరబడి నానితే చర్మం మెత్తబడి కాలినట్టు అవుతుంది, అక్కడే మూత్రమార్గం కాబట్టి సూక్ష్మజీవులు పైకి పాకి ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. తడవగానే మార్చాలి, మూడు నాలుగు గంటలకోసారి విప్పి చూడాలి, రోజులో కొంతసేపు అసలేమీ కట్టకుండా గాలికి వదలాలి. అంటే మీ 12 గంటలు మా టైల్స్‌కి ఇచ్చిన గ్యారంటీ, కుక్కకి కాదు. అది ప్యాకెట్ మీద ఎక్కడా లేదు, వెనక చిన్న అక్షరాల్లో కూడా లేదు, భూతద్దం పెట్టి వెతికాను.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండింది దీని తర్వాత. ఆ రోజే మీ చాట్‌లో దద్దుర్లు వచ్చాయని రాస్తే, మీ ప్రతినిధి "పిల్లలకి వాడే డైపర్ రాష్ క్రీమ్ రాయండి మేడమ్, అదే బాగా పనిచేస్తుంది" అన్నారు. ఇంట్లో మా అక్క కొడుకుది ట్యూబు ఉంది, మూత తీశాను కూడా. ఎందుకో అనుమానం వచ్చి డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆగమన్నారు. ఆ క్రీముల్లో చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. పసిపిల్లలు అక్కడ నాకరు, కుక్క మొదట చేసే పనే నాకడం. కొంచెం కడుపులోకి పోతే వాంతులు, పదేపదే ఎక్కువగా పోతే ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం. కుక్కల డైపర్లు అమ్మే కంపెనీకి ఈ ఒక్క సంగతి తెలియకపోతే ఎలా అండీ? చాట్ స్క్రీన్‌షాట్ జత చేశాను, టైముతో సహా ఉంది. మీ ఉద్యోగిని తిట్టమని కాదు, ఆ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పాల్సింది మీరు.

మీ కరపత్రంలో "రాత్రి నీళ్లు తగ్గించండి" అనేది కూడా తీసేయండి. ముసలి కుక్కకి నీళ్లు ఆపేస్తే వేరే రోగం వస్తుంది.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో కూడా రాస్తాను, మీకు పనికొస్తే వాడుకోండి. పసిపిల్లల డైపరే కొని తోకకి బొక్క కత్తిరించి, జెల్ రాలకుండా చుట్టూ మెడికల్ టేపు వేస్తున్నాం, దాని మీద కాటన్ చెడ్డీ, దానికి మళ్లీ అమ్మ లంగా బొందు. రాత్రి పదకొండుకి, రెండున్నరకి, ఆరుకి మారుస్తాం, నేనూ అమ్మా వంతులేసుకుని. కట్టి వదిలేయకుండా కన్నేసి ఉంచుతాం, ఎందుకంటే కొరికి మింగిందంటే ఆ పొడి కడుపులో ఉబ్బుతుంది, పేగుకి అడ్డం పడొచ్చు. పగలు ఏమీ కట్టం, వాటర్‌ప్రూఫ్ షీటు మీద పాత చీర మడతలు వేస్తాం. మీ ఉతికే డైపర్ కవర్లు రెండు గంటల్లో ఆరతాయన్నారు, ఈ వానాకాలంలో తార్నాకలో రెండు రోజులకి కూడా ఆరలేదు, అది వేరే కథ. లిఫ్టులో చూసి "కుక్కకి డైపరా, కలికాలం" అనే అంకుల్స్‌కి జవాబు చెప్పడం మానేశాను.

నాకు లొల్లి పెట్టుకోవాలని లేదు. 899 రూపాయల ప్యాకెట్ డబ్బు, డాక్టర్ బిల్లు 1,350 వాపసు ఇవ్వండి, బిల్లులు జతలో ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ 12 గంటల మాట తీసేసి ‘తడవగానే మార్చండి’ అని అంతే పెద్ద అక్షరాల్లో వేయండి, జింక్ ఉన్న క్రీములు వద్దని రాయండి, చార్టులో చుట్టుకొలత పెట్టండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నా మొదటి మెయిల్‌కి నెల ఎప్పుడో దాటింది. ఈ వారంలో మనిషి రాసిన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో మీ లాయర్ గారికి తెలిసే ఉంటుంది.

పన్నెండులో ఏడు డైపర్లు వాడకుండా అలాగే ఉన్నాయి, మనిషిని పంపితే ఇచ్చేస్తాను. ఫోన్ చేసేట్టయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రం వద్దు, చుక్క పడుకునే టైము అది, రింగ్‌కి ఉలిక్కిపడి లేస్తుంది.

ఇట్లు,
తార్నాక నుంచి మీ కస్టమర్