పాలు మాన్పించే సలహాలా?

సంపాదకుడు గారికి,

గత వారం జిల్లా పేజీలో బాలింతలకు సలహాలు వేశారు. మొద్దుబార్చే మందు ఏది రాసుకున్నా బిడ్డకు పాలు ఆపేయాలని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చదివి మా వీధిలో ఒక అమ్మాయి, కాన్పు కుట్లకు డాక్టరు రాసిచ్చిన లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే పూత వాడుతున్నానని బిడ్డకు పాలివ్వడం మానేసింది. అత్తగారు ఆ సాయంత్రమే డబ్బాపాలు తెప్పించింది. రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి ఆ పిల్ల పడ్డ బాధ చూడలేకపోయాం.

లిగ్నోకెయిన్ కొద్దిగా పైపూతగా రాస్తే రక్తంలోకి వెళ్లేదే తక్కువ, పాలలోకి చేరేది ఇంకా తక్కువ. బిడ్డ మింగినా ఒంటికి పట్టేది స్వల్పం. కుట్లకో, మొలలకో డాక్టరు చెప్పినంత వాడితే పాలు మాన్పించాల్సిన పనే లేదు. పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కీ అంతే.

రాయాల్సిన జాగ్రత్త రాయలేదు. చనుమొనల పగుళ్లకు ఈ మందు పూస్తే నేరుగా బిడ్డ నోట్లోకి పోతుంది. నోరు మొద్దుబారితే పాలు సరిగా తాగలేడు. బెంజోకెయిన్, ప్రిలోకెయిన్ అనే మొద్దుబార్చే మందులు ఉన్న పూతలైతే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ పెదాలు నీలంగా మారే ప్రమాదం ఉంది. చిగుళ్లకు రాసే బెంజోకెయిన్ జెల్ రెండేళ్లలోపు పిల్లలకు వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది. ఇక్కడేమో మందుల షాపులో అడగ్గానే ట్యూబు చేతిలో పెడతారు, పాలిచ్చే తల్లా అని అడిగే నాథుడు లేడు. ట్యూబు మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు ఎవరు చదవాలి?

అసలు పగుళ్లు ఎక్కువగా వచ్చేది బిడ్డకు రొమ్ము సరిగా పట్టించకపోవడం వల్ల. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. పక్కన కూర్చుని చూపిస్తే సగం బాధ తగ్గుతుంది. చూపించాల్సిన ఆశా, ఏఎన్ఎంలకు ఫోన్లలో వివరాలు ఎక్కించడంతోనే పొద్దు గడిచిపోతోంది. అధికారులు ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలని ర్యాలీలు తీసి, ఫొటోలు దిగి వెళ్తారు. ఆ తర్వాత బాలింత గడప తొక్కేదెవరు? డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే చట్టం తెచ్చారు. ఇలాంటి సలహాలు వేస్తే ప్రచారం లేకుండానే డబ్బాలు అమ్ముడవుతాయి.

దయచేసి పిల్లల డాక్టరుకు చూపించి సవరణ వేయండి. ఏ మందు, ఎక్కడ రాయవచ్చు, ఎక్కడ రాయకూడదు అన్నది విడివిడిగా, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో రావాలి.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా